కంపముల్లు, ఎదురుగాలి, రెండు చక్రాలు



పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె పేరు చెప్పగానే బయటి ఊళ్ళవాళ్ళకు యురేనియం గని గుర్తొస్తుంది. చుట్టుపక్కల వాళ్ళకైతే చీనీ తోటలు, అరటి తోటలు, నీళ్ళు రాని బోర్లు, వేముల మీదుగా వేంపల్లెకు పోయే దారి గుర్తొస్తాయి. సైకిల్ తొక్కేవాళ్ళకు అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది కంపముల్లు. బీడు భూముల్లో, చెరువు కట్టల మీద, తారురోడ్డు అంచున ఎక్కడ చూసినా కనిపించే ఈ సర్కారు కంప మన నేలలో పుట్టింది కాదు. వేడికి ఓర్చుకుంటుంది, వంటచెరకు కరువు తీరుస్తుంది అని 1870ల చివర్లో విత్తనాలు తెప్పించి, దేశంలో మొదటగా నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. అక్కణ్ణుంచి నూట యాభై ఏళ్ళలోపే దేశంలోని మెట్ట ప్రాంతాలన్నిటికీ పాకింది. దాని ముల్లు టైరునూ లోపలి ట్యూబునూ ఒక్క పోటుతో దాటిపోతుంది. రాయలసీమలో సైకిల్ మీద దూరం పోయినవాళ్ళు ఎవరు తమ కథ చెప్పినా అందులో ఈ ముల్లు ఉండి తీరుతుంది.

ఈ రోజు మాట్లాడుకునేది అలాంటి కథల గురించి. దూరాలు తొక్కినవాళ్ళ గురించి, వాళ్ళ చేతుల్లో నలిగిన బండ్ల గురించి.

హైదరాబాదులో 2007లో డి.వి. మనోహర్ హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్బును మొదలుపెట్టారు. అంతకుముందు నగరంలో సైకిలంటే పాలవాళ్ళదీ పేపరు వేసే పిల్లలదీ. క్లబ్బు వచ్చాక డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వ్యాపారస్తులు, రిటైరైన అధికారులు ఆదివారం తెల్లవారకముందే సైకిళ్ళ మీద ఊరు దాటడం మొదలైంది. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద సైకిళ్ళు. ఒక నగరంలో సైకిల్ తొక్కేవాళ్ళు ఒకచోట చేరి మాట్లాడుకోవడం మొదలుపెడితే, కొన్నేళ్ళకు వాళ్ళ కోసం దారి కూడా పుడుతుందని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇలాంటి క్లబ్బుల్లో తొక్కుడు ఎక్కడ మొదలైనా చివరికి టిఫిన్ బండి దగ్గర ఆగుతుంది. అసలు కథలు అక్కడ మొదలవుతాయి. ఎంత దూరం పోయొచ్చావు, ఏ బండి మీద పోయావు: ఈ రెండు ప్రశ్నల చుట్టూ గంటలు గడిచిపోతాయి. ఒకరు తన మొదటి గేర్ల సైకిల్ గురించి చెప్తే, ఇంకొకరు నాయన వాడిన హెర్క్యులిస్ గురించి చెప్తారు. వయసు మళ్ళినవాళ్ళు తమ బతుకును సైకిళ్ళ లెక్కన చెప్పుకోవడం గమనించవచ్చు. హైస్కూలు చదువు అద్దె సైకిల్ మీద, కాలేజీ సెకండ్ హ్యాండ్ అట్లాస్ మీద, ఉద్యోగం కొత్త రాలీ మీద, పెళ్ళి తరువాత స్కూటరు, ఆ తరువాత ముప్పై ఏళ్ళు ఏ సైకిలూ లేదు, డాక్టరు నడవమన్నాక మళ్ళీ సైకిల్. చాలామంది కథ ఈ వరసలోనే నడుస్తుంది.

క్లబ్బుల వాళ్ళు దూరాన్ని కొలిచే పద్ధతికి బ్రెవే అని పేరు. ఫ్రాన్సులో పుట్టింది. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలి. ఒకే సీజన్లో ఈ నాలుగూ పూర్తి చేసినవాళ్ళను సూపర్ రాండోనర్ అంటారు. గడియారం ఒకసారి మొదలైతే ఆగదు. తిన్నా, నిద్రపోయినా, పంక్చరు వేసుకున్నా ఆ గంటల్లోంచే పోతాయి. చేతిలో ఒక కార్డు ఉంటుంది. దారిలో చెప్పిన చోటల్లా దాని మీద టైము వేయించుకోవాలి. ముందూ వెనకా లైట్లు, రాత్రిపూట మెరిసే పట్టీల జాకెట్ లేకుంటే బయల్దేరనివ్వరు. వెంట కారులో మనుషులు వచ్చి నీళ్ళందించడం, బండి బాగుచేయడం కుదరదు. నీ ముల్లు నువ్వే పీక్కోవాలి.

ఇది పందెం కాదు. మొదట వచ్చినవాడికీ, ఆఖరి నిమిషంలో వచ్చినవాడికీ ఒకటే లెక్క. ప్రైజు డబ్బు లేదు. జ్ఞాపకంగా పతకం కావాలంటే డబ్బు కట్టి తెప్పించుకోవాలి. ఈ సంగతి దారిలో టీ అంగడి దగ్గర కూర్చున్న పెద్దలకు చెప్పడం సైక్లిస్టులకు పెద్ద పరీక్ష. "యా ఊరు నాయనా మీది? యాడికి పోతాండారు?" అని మొదలుపెడతారు. హైదరాబాదు నుంచి వచ్చామంటే నమ్మరు. "పందెమా? గెలిస్తే ఏమిస్తారు?" అని అడుగుతారు. ఏమీ ఇవ్వరని తెలిశాక కాసేపు బండిని ఎగాదిగా చూసి, టీ డబ్బులు తీసుకోకుండా పంపిస్తారు. ఇది ఒకరిద్దరి అనుభవం కాదు, మన పల్లెల మీదుగా దూరం తొక్కినవాళ్ళు తరచుగా చెప్పే మాట.

హైదరాబాదు నుంచి కర్నూలు దాకా పోయి తిరిగొస్తే 400 కిలోమీటర్ల కొలతకు సరిపోతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి అది. దేశంలో అంతకన్నా పొడవైన హైవే లేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు ముంగిట తుంగభద్ర దాటాలి. ఎండాకాలంలో పగలు 40 డిగ్రీలు దాటే చోట చాలామంది చల్లపూటలు చూసుకుని తొక్కుతారు. రాత్రి తొక్కుడులో కష్టమైన జాము తెల్లవారుజాము మూడు నుంచి అయిదు దాకా. కళ్ళు తెరిచే ఉంటాయి, మెదడు నిద్రపోతుంది. రోడ్డు పక్క కిలోమీటరు రాయి కూర్చున్న మనిషిలా కనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు అప్పుడు మొండికెత్తరు. పెట్రోలు బంకు అరుగు మీదో, బస్సు షెల్టర్లోనో, డాబా ముందు మంచం మీదో పది ఇరవై నిమిషాలు కన్ను మూసి లేస్తారు. ఆ కునుకు తీసినవాడు తరువాతి యాభై కిలోమీటర్లు తొక్కగలడు. తీయనివాడు తూలి పడిపోయే ప్రమాదం ఉంది. అరచేతులు మొద్దుబారతాయి, సీటు ఒరుసుకుని తోలు లేస్తుంది. అయినా పొద్దు పొడిచాక కర్నూల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముందు కూర్చున్నప్పుడు ఆ మాటలేవీ ఉండవు. తరువాతి 600 ఎప్పుడనే మాటే.

ఈ బ్రెవేలన్నిటి పైన పారిస్–బ్రెస్ట్–పారిస్ ఉంది. 1200 కిలోమీటర్లు, గడువు 90 గంటలు, నాలుగేళ్ళకోసారి. మొదటిసారి 1891లో ఒక పత్రిక దాన్ని పందెంగా పెట్టింది. షార్ల్ టెర్రాన్ అనే ఆయన 71 గంటల 22 నిమిషాల్లో నిద్ర లేకుండా తొక్కి గెలిచారు. సైకిలుకు గాలి నింపే టైరును డన్లప్ తయారుచేసి అప్పటికి మూడేళ్ళే అయింది. టెర్రాన్ బండికి మిషలిన్ వాళ్ళ కొత్త గాలి టైర్లు బిగించారు. ఆయనకూ దారిలో పంక్చరు అయింది. ఇప్పుడది పందెం కాదు, రాండోనర్ల తొక్కుడే. దారి పక్క పల్లెవాళ్ళు ఇంటి ముందు బల్లలు వేసి కాఫీ, రొట్టె పెడతారట. టీ డబ్బులు తీసుకోని మన అంగళ్ళ పెద్దలు అక్కడా ఉన్నారన్నమాట. ఈ పదేళ్ళలో మన దేశం నుంచి వందల మంది అక్కడికి పోయారు.

ఇంతవరకూ చెప్పింది క్లబ్బుల కథ. రాయలసీమలో సైకిల్ దూరాలకు ఇంకా పాత చరిత్ర ఉంది, దాన్ని ఎవరూ కార్డు మీద సీలు వేసి రాసుకోలేదు. ఊరూరూ తిరిగి చీరలు అమ్మినవాళ్ళు, స్టీలు సామాన్లు అమ్మినవాళ్ళు, ఐస్ డబ్బా కట్టుకుని తిరిగినవాళ్ళు, తపాలా సంచితో పోయిన పోస్ట్‌మన్లు, బస్సు లేని పల్లెల్లో బడికి రోజూ పోయివచ్చిన అయ్యవార్లు. వీళ్ళలో చాలామంది పోనూ రానూ ఇరవై ముప్పై కిలోమీటర్లు ఏళ్ళ తరబడి తొక్కారు. రెండు మూడు నెలలకు లెక్కవేస్తే ఒక సూపర్ రాండోనర్ సీజన్‌కు తీసిపోదు. వాళ్ళ బండికి గేర్లు లేవు, వెనక క్యారియర్ మీద బరువు ఉంది, కింద కంకర రోడ్డు ఉంది. క్లబ్బు సైక్లిస్టులకు దక్కే గౌరవంలో సగమైనా వాళ్ళకు దక్కాలి.

వాళ్ళ బండి ఏదో చూద్దాం. 28 అంగుళాల చక్రాలు, ఇనుప చట్రం, తోలు సీటు కింద స్ప్రింగులు, కడ్డీల బ్రేకులు, నల్ల రంగు. బరువు ఇరవై కిలోల పైనే. ఇప్పటి రోడ్డు సైకిల్ ఎనిమిది, పది కిలోలు ఉంటుంది. ముందు పళ్ళచక్రానికి 44, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉన్న పాత బండి పెడల్ ఒక్క చుట్టు తిరిగితే అయిదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. చదును నేల మీద అది హాయి. గువ్వలచెరువు కనుమ లాంటి చోట ఆ ఒక్క గేరుతో పైకి తొక్కడం మామూలు మనిషి తరం కాదు. దిగి తోసుకుంటూ పోవాలి. పైకి చేరాక పాలకోవా తిని, దిగేటప్పుడు బ్రేకు కట్టల మీద ప్రాణం పెట్టుకుని దిగాలి. వానలో ఇనుప రిమ్ము తడిస్తే ఆ రబ్బరు కట్టలు పట్టవు. పాతవాళ్ళు అప్పుడు చెప్పు రోడ్డుకు ఆనించి బండి ఆపేవారు.

1947కు ముందు ఈ బండ్లు ఎక్కువగా ఇంగ్లండు నుంచి వచ్చేవి. 1949లో మురుగప్ప కుటుంబం బ్రిటన్ కంపెనీతో కలిసి మద్రాసు పక్క అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ పెట్టింది, హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. అక్కణ్ణుంచి వచ్చాయి. బెంగాల్లో అసన్‌సోల్ దగ్గర సేన్–రాలీ, హర్యానా సోనీపత్‌లో 1951లో అట్లాస్, లుధియానాలో 1956లో హీరో. మద్రాసు–బొంబాయి రైలు దారి మీదున్న కడప, కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు వాళ్ళకు అంబత్తూరు బండి అందుబాటులో ఉండేది. పెళ్ళిలో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టడం ఒక కాలంలో పరువు మర్యాద. ఆ సైకిలు సరిగ్గా ఏ కంపెనీదో ముందే మాట్లాడుకునేవారు. రాలీ అడిగితే ఇంకొకటి తెచ్చారని అలిగిన అల్లుళ్ళ కథలు ఇప్పటికీ పల్లెల్లో చెప్పుకుంటారు.

కొత్త బండి ఇంటికొచ్చాక దానికి చేసే సింగారం వేరే. హ్యాండిల్ పిడులకు రంగు కుచ్చులు, పుల్లలకు పూసలు, ఇరుసులకు రంగురంగుల బ్రష్షు పూలు, సీటుకు వెల్వెట్ తొడుగు, చైను డబ్బా మీద పెయింటరు చేత రాయించిన యజమాని పేరు. డైనమో ఉంటే గొప్ప. డైనమో టైరును తాకుతుంటే తొక్కడం కాస్త బరువవుతుంది, చక్రం ఆగితే దీపం ఆరిపోతుంది. దీపం లేకుండా రాత్రి పట్నంలోకి వస్తే పోలీసులు పట్టుకుని గాలి తీసేసేవారు. డబుల్స్ పోయినా తప్పే. సైకిలుకు ఏటేటా పన్ను కట్టి రేకు బిళ్ళ తగిలించుకోవాల్సి వచ్చేది. ఆ బిళ్ళలు దాచుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కొందరు ట్రాన్సిస్టర్ రేడియోను హ్యాండిల్‌కు తగిలించుకుని పొలానికి పోయేవారు. ఈ ప్రసంగం వినే పెద్దల్లో అలా సైకిల్ మీద రేడియో విన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు.

సొంత బండి లేనివాళ్ళకు అద్దె సైకిల్ షాపు దేవాలయమే. గంటకు ఇన్ని పైసలని పలక మీద టైము రాసి ఇచ్చేవాడు షాపాయన. ఊరికి కొత్తవాడైతే ఎవరైనా పూచీ ఉండాలి. పిల్లలు సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వంగి తొక్కేవారు. మోకాళ్ళ చిప్పల మీద ఆ తరం వాళ్ళందరికీ మచ్చలున్నాయి. గంట అయిపోయిందని షాపు దగ్గరికి పరుగున వచ్చి, ఇంకో అరగంట ఇమ్మని బతిమాలడం అప్పటి బాల్యంలో పెద్ద భాగం.

ఆ షాపుల్లోనే మన ప్రాంతపు సైకిల్ విద్య అంతా ఉండేది. పంక్చరు అయితే టైరు ఊడదీసి, ట్యూబుకు గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతారు. బుడగలు వచ్చిన చోటే చిల్లు. దాన్ని తుడిచి, రాకి, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఓపిక పట్టి, పట్టీ అంటించి సుత్తితో తట్టాలి. ఆరకముందే అంటిస్తే రెండు కిలోమీటర్లకే ఊడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, టైరు లోపలి వైపు వేళ్ళతో తడిమి విరిగిన ముల్లు కొన తీయడం. ఇది మరిచిపోయినవాడికి కొత్త ట్యూబు వేసినా నిలవదు. కంపముల్లుతో పాటు పల్లేరుకాయ ఇంకో శత్రువు. ఎటు పడ్డా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. అమెరికా పడమటి రాష్ట్రాల సైక్లిస్టులు కూడా ఇదే పల్లేరుతో అవస్థ పడుతున్నారు. వాల్‌ట్యూబు చీలి గాలి జారిపోతుంటే ముల్లు గుచ్చుకుందనుకుని ట్యూబంతా వెతకడం కొత్తవాళ్ళ పని. పాతవాళ్ళు ముందు వాల్ దగ్గర ఉమ్మి తడి పెట్టి చూస్తారు. ఈ రోజు 1200 కిలోమీటర్లు తొక్కేవాళ్ళకు క్లబ్బు శిబిరాల్లో నేర్పేది కూడా ఇదే పని.

నల్లరేగడి గురించి కూడా చెప్పాలి. ఆళ్ళగడ్డ, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు వాన పడ్డ బాట మీద సైకిల్ పెడితే పది గజాల్లో మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ గట్టిగా కూరుకుపోతుంది. చక్రం తిరగదు. పుల్లతో గీకి, మళ్ళీ పది గజాలు. చివరికి మనిషి బండినెక్కాల్సింది పోయి బండి మనిషి భుజమెక్కుతుంది.

ఇంకొక రకం సైక్లిస్టులు మన పల్లెలకు వచ్చేవారు. బడి ముందరి మైదానంలోనో చావడి దగ్గరో గుండ్రంగా గీత గీసి, మైకులో సినిమా పాటలు పెట్టి, మూడు రోజులు, అయిదు రోజులు, వారం కాలు నేల మోపకుండా సైకిల్ తొక్కేవారు. భోజనం బండి మీదే, స్నానం బండి మీదే. సాయంత్రం జనం చేరాక నేల మీది చేతిరుమాలును పెదవులతో అందుకోవడం, ట్యూబ్‌లైట్లు ఒంటి మీద పగలగొట్టించుకోవడం లాంటివి చేసేవారు. ఆఖరి రోజు ఊరివాళ్ళు చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చేవారు, బియ్యం పెట్టేవారు. 90 గంటల గడువును ప్రపంచమంతా మెచ్చుకుంటున్నప్పుడు, చిన్న గుండ్రంలో అంతకన్నా ఎక్కువ గంటలు పొట్టకూటి కోసం తిరిగిన ఆ మనుషుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేకపోవడం బాధగా ఉంటుంది.

పేరున్నవాళ్ళలో సైకిల్ వదలని మనిషి పుచ్చలపల్లి సుందరయ్య. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో పుట్టారు. 1952లో రాజ్యసభకు పోయినప్పుడు ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ మీద వచ్చేవారు. తరువాత హైదరాబాదులో శాసనసభకూ అలాగే. పదవి మారినా బండి మారలేదు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివాళ్ళు కూడా ఆ సైకిల్‌ను తలచుకుంటారు.

లోకం చుట్టిన సైకిల్ కథల్లోనూ మనవాళ్ళకు పెద్ద చోటే ఉంది. 1923 అక్టోబరు 15న బొంబాయి వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్బుకు చెందిన ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. ముగ్గురు మధ్యలో తప్పుకున్నారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా 1928 మార్చి 18న తిరిగొచ్చారు. 44,000 మైళ్ళు, అంటే 71,000 కిలోమీటర్ల దాకా తొక్కారు. రోడ్లు లేని ఎడారులు ఆ దారిలో ఉన్నాయి. వాళ్ళకంటే ముందే, 1890ల చివర్లో, ఫ్యానీ బుల్లక్ వర్క్‌మన్ అనే అమెరికా మహిళ భర్తతో కలిసి మన దేశంలోనే 14,000 మైళ్ళు సైకిల్ మీద తిరిగి గుళ్ళూ గోపురాలూ చూసి, 1904లో పుస్తకం అచ్చువేశారు. ఐర్లండు నుంచి 1963లో డెర్వ్లా మర్ఫీ ఒంటరిగా ఢిల్లీ దాకా తొక్కుకుంటూ వచ్చారు. కొండదారుల కుదుపులకు నిలవదని బండికున్న గేర్లను ముందే తీయించేశారు. విడి టైర్లను దారిలోని ఊళ్ళకు ముందుగా పంపించుకున్నారు. మన సీమ రైతుకు ఆ తెలివి బాగా అర్థమవుతుంది: దారిలో బాగుచేసుకోలేని సామాను బండికి ఉండకూడదు.

హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా కథ వేరు. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోయాక సైకిల్ ఎక్కారు. ఒంటి కాలితో తొక్కేవాడికి పెడల్ కిందికి నొక్కితే చాలదు. పైకి కూడా అదే కాలు లాగాలి. అందుకే పాదం పెడల్‌కు బిగిసి ఉండాలి, పడితే పాదంతో సహా పడాలి. 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో ఆయన రెండు రజత పతకాలు గెలిచారు. తరువాత తన పేరుతో ఫౌండేషన్ పెట్టి, అవయవాలు కోల్పోయిన జవాన్లకూ యువతకూ సైక్లింగ్ నేర్పిస్తున్నారు. 2020 చివర్లో ఆ ఫౌండేషన్ తరఫున పారా సైక్లిస్టులు కాశ్మీరు నుంచి కన్యాకుమారికి తొక్కుకుంటూ పోయారు.

అదే 2020లో, మే నెలలో, బిహార్ అమ్మాయి జ్యోతి కుమారి గాయపడ్డ తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రాం నుంచి దర్భంగా దాకా దాదాపు 1200 కిలోమీటర్లు తొక్కింది. పాత సైకిల్, లాక్‌డౌన్, పదిహేనేళ్ళ వయసు. దూరం చూస్తే పారిస్–బ్రెస్ట్–పారిస్ అంతే. దాన్ని సాహసమని మెచ్చుకుని ఊరుకోవడం తగదు; ఆ పిల్ల సరదాకు తొక్కలేదు, ఇల్లు చేరడానికి వేరే దారి లేక తొక్కింది. ఆ మరుసటి నెలలో ఇంకో సంగతి జరిగింది. జూన్ 3, ప్రపంచ సైకిల్ దినం నాడు, అట్లాస్ కంపెనీ ఢిల్లీ పక్క సాహిబాబాద్‌లో మిగిలిన తన ఫ్యాక్టరీలో పని ఆపేసింది. 1951లో మొదలైన బండి అది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని వంద ఇళ్ళలో దాదాపు 45 ఇళ్ళకు సైకిల్ ఉంది. అంతమంది దగ్గర బండి ఉన్నా, ఆ పేరు నిలబడలేదు.

ఆడపిల్లల విషయానికొస్తే మన పొరుగున ఒక గొప్ప ఉదాహరణ ఉంది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1991–92లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాది మంది పల్లె ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. బస్సు కోసం, మగవాడి కోసం కాచుకోకుండా నీళ్ళకూ సంతకూ పోయే వీలు చిక్కడం ఆ ఆడవాళ్ళకు ఎంత పెద్ద సంగతో, మన మెట్ట పల్లెల ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు క్లబ్బుల్లో 600 తొక్కే మహిళలు ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది అమ్మలకు సైకిల్ తొక్కడం వచ్చో అడిగితే తరం తేడా తెలుస్తుంది.

ఇక మన దారి సంగతి. కడప నుంచి కర్నూలుకు 40వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 200 కిలోమీటర్లు. కొలిచి పెట్టినట్టు ఒక బ్రెవే దూరం. తెల్లవారుజామున కడపలో బయల్దేరితే ఖాజీపేట, మైదుకూరు దాటేసరికి పొద్దెక్కుతుంది. దువ్వూరు, చాగలమర్రి, ఆళ్ళగడ్డ, శిరివెళ్ళ మీదుగా నంద్యాల దాకా కుడిచేతి వైపు నల్లమల కొండలు వెంట వస్తాయి. కుందేటి లోయ, కె.సి. కాలువ పారే నేల కాబట్టి అక్కడక్కడ పచ్చదనం, చెట్టునీడ దొరుకుతాయి. నంద్యాలకు చేరితే మూడింట రెండు వంతులు అయినట్టు. అసలు కష్టం ఆ తరువాతే. దారి వాయవ్యానికి తిరుగుతుంది, పాణ్యం దగ్గర ఎర్రమల కొండలు ఎక్కాలి, నీడ పోతుంది. ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి ముఖాన కొడుతుంది. ఆ గాలికి ఎదురు తొక్కితే గంటకు పది కిలోమీటర్లు సాగడం కూడా కష్టమే. ఓర్వకల్లు రాతిగుట్టలు కనిపించినా కర్నూలు ఇంకా కొంత దూరమే. మొదటిసారి 200 తొక్కాలనుకునేవాళ్ళు కార్తీకం నుంచి మాఘం నడుమ ఈ దారి ఎంచుకోవడం మంచిది. రెండు ట్యూబులు, పట్టీలు, పంపు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, రెండు సీసాల నీళ్ళు దగ్గరుండాలి. మొదటి వంద కిలోమీటర్లలో ఆయాసపడేంత తొక్కకూడదు. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి.

తుమ్మలపల్లె, వేముల, వేంపల్లె వైపు యువకులు ఇలాంటి తొక్కుడుకు బయల్దేరబోయే ముందు ఒక పని చేస్తే బాగుంటుంది. ఇంట్లోనో పక్కింట్లోనో డెబ్బై దాటిన పెద్దాయన దగ్గర కూర్చుని, ఫోనులో రికార్డు పెట్టి, ఆయన సైకిళ్ళ కథ అడగండి. మొదటి బండి ఏ కంపెనీది, ఎంతకు కొన్నారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, ఎవరు పట్టుకుని నేర్పారు, ఒక్క రోజులో ఎక్కువ దూరం పోయింది ఎక్కడికి, దారిలో ఎన్నిసార్లు ముల్లు దిగింది, ఆ బండి చివరికి ఏమయింది. అవ్వ ఉంటే, ఆ సైకిల్ వెనక క్యారియర్ మీద కూర్చుని పుట్టింటికి పోయిన దారి ఆమెనూ అడగండి. పాత బండి ఇంకా కొట్టంలో ఉంటే, సీటు కింద గొట్టం మీద కంపెనీ వాళ్ళు కొట్టిన అంకెలు ఉంటాయి. తుప్పు తుడిచి ఆ నంబరు రాసుకుని, పెద్దాయన చెప్పిన కథతో పాటు భద్రపరచండి.